కోడ్ రన్ అయింది.. లెక్కే మారింది!

రాత్రి పదిన్నరకి మా బాబాయి కొడుకు వాట్సాప్‌లో ఓ స్క్రీన్‌షాట్ పంపాడు. నరసరావుపేటలో ఇంజినీరింగ్ మూడో ఏడాది చదువుతున్నాడు. ప్లేస్‌మెంట్ల కోసం ఏదో వెబ్‌సైట్లో ప్రాక్టీస్ టెస్ట్ రాస్తున్నాడట. ఫోన్ స్క్రీన్ నిండా ఎర్రటి అక్షరాలు. కింద వాడి వాయిస్ మెసేజ్.

"అన్నా, ల్యాబ్‌లో ఇదే ప్రోగ్రామ్‌కి పదికి పది ఏశారు. ఇక్కడేమో కంపైలే అవట్లేదంటది. వెబ్‌సైటే తేడాగా ఉన్నట్టుందన్నా!"

కోడ్ చూశాను. ఫ్యాక్టోరియల్ ప్రోగ్రామ్. పైన 'ఐఓస్ట్రీమ్ డాట్ హెచ్', దాని కింద 'కోనియో డాట్ హెచ్', ఆ కింద 'వాయిడ్ మెయిన్', లోపలికి వెళ్లగానే 'సీఎల్ఆర్ఎస్‌సీఆర్', చివర్లో 'గెట్‌సీహెచ్'. మీరు కూడా మన దగ్గర బీటెక్కో డిగ్రీయో చదివుంటే ఈ ఐదు పేర్లూ నిద్రలో లేపి అడిగినా చెప్తారు. సీనియర్ దగ్గర్నుంచి జూనియర్‌కి, మల్లమ్మ సెంటర్ జిరాక్స్ కాపీల మీదుగా వచ్చే ఆస్తి అది.

వెబ్‌సైట్ తేడా లేదు. మావాడి కోడ్ కూడా ఒకప్పుడు తప్పు కాదు. అది పాత యాసలో రాసిన సీ ప్లస్ ప్లస్, అంతే.

నీలం తెర వెనక కథ

ప్రోగ్రామింగ్ భాషలకీ యాసలుంటాయి. సీ ప్లస్ ప్లస్‌కి అందరూ ఒప్పుకున్న పక్కా అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది 1998లో. అంతకు ఎనిమిదేళ్ల ముందే, 1990లో, బోర్లాండ్ అనే అమెరికా కంపెనీ టర్బో సీ ప్లస్ ప్లస్ తెచ్చింది. మన ల్యాబుల్లో కనిపించే ఆ నీలం తెర అదే. డాస్ కాలం నాటి 16 బిట్ సాఫ్ట్‌వేర్. ఇప్పటి 64 బిట్ విండోస్ మీద నేరుగా నడవదు కాబట్టి 'డాస్‌బాక్స్' అనే ఇంకో ప్రోగ్రామ్ వేసి, లోపల పాత కంప్యూటర్ ఉన్నట్టు నమ్మించి దాన్ని నడిపిస్తారు.

రూల్‌బుక్ వచ్చాక కొన్ని మారిపోయాయి. 'ఐఓస్ట్రీమ్' తోక లోంచి 'డాట్ హెచ్' పోయింది. 'సీఔట్' ముందు 'ఎస్‌టీడీ' అనే ఇంటిపేరు వచ్చి చేరింది. 'మెయిన్' కచ్చితంగా 'ఇంట్' తిరిగివ్వాలన్నారు. ఇక 'కోనియో' అయితే ఆ ప్రమాణంలో ఏనాడూ లేదు. అది డాస్ కంపైలర్ల సొంత సరుకు. స్క్రీన్ తుడవడం, ఒక కీ నొక్కేదాకా ఆగడం లాంటి పనులకు వాడేవాళ్లు.

జేఎన్‌టీయూకే పిల్లలకి ఇది ఒక్క మాటలో అర్థమవుతుంది. ఆర్-16లో చేరి, మధ్యలో డిటెయిన్ అయి, ఆర్-19 బ్యాచ్‌లో మళ్లీ కూర్చున్నవాడి పరిస్థితి ఊహించుకోండి. కొన్ని సబ్జెక్టులు పేరు మాత్రమే మారతాయి. కొన్ని అసలే ఉండవు, బదులు వేరేవి రాయాలి. ఇంకొన్నింటికి పేరు అదే, లోపల సిలబస్ వేరు. వాణ్ని ముంచేది ఆ మూడో రకమే. అదే పేరు కదా అని పాత నోట్సే చదివి వెళ్తాడు.

కోడ్‌లోనూ సరిగ్గా అంతే. మావాడితో ఫోన్‌లోనే ఒక్కో లైనూ మార్పించాను. కొత్త కంపైలర్ ఒక హెడర్ ఫైల్ దొరక్కపోతే అక్కడే ఆగిపోతుంది. దాన్ని సరిచేస్తేగానీ తర్వాతి ఎర్రర్ చూపించదు. ఒకటి తీస్తే ఇంకోటి. పావుగంట పట్టింది. చివరికి రన్ అయింది.

"అయిపోయిందన్నా!" అన్నాడు సంబరంగా.

"8 ఇచ్చి చూడు" అన్నాను.

40320 అని వచ్చింది. కరెక్టే. "ఇప్పుడు నీ ల్యాబ్ రికార్డు తీసి, అందులో 8కి ఏం రాశావో చూడు."

కాసేపు పేజీలు తిప్పిన చప్పుడు. "5 వరకే రాశానన్నా. 120."

అందరూ 5 వరకే రాస్తారు. టర్బోలో 8 ఇచ్చి చూసినవాళ్లకి తెలుస్తుంది, అక్కడ వచ్చే జవాబు మైనస్ 25216. టర్బోలో 'ఇంట్' అంటే 2 బైట్ల డబ్బా. అందులో పట్టే పెద్ద సంఖ్య 32767. నలభై వేలు పోస్తే పొర్లి, అటు తిరిగి మైనస్ వైపు తేలుతుంది. ఇప్పటి కంపైలర్లలో అదే 'ఇంట్' సాధారణంగా 4 బైట్లు. 214 కోట్ల పైచిలుకు దాకా పడుతుంది. కోడ్‌లో ఒక్క అక్షరం మారలేదు. 'ఇంట్' అప్పుడూ 'ఇంటే', ఇప్పుడూ 'ఇంటే'. జవాబు మాత్రం మారిపోయింది.

ఈసారి మంచికే మారిందనుకోండి. ప్రతిసారీ అలా జరగదు. టర్బోలో రాసిన మినీ ప్రాజెక్టు ఒకటుందనుకుందాం. ఒక్కో విద్యార్థి రోల్ నంబరు 2 బైట్లు, పేరు 20, మార్కులు 2, మొత్తం 24 బైట్ల చొప్పున ఫైల్లో దాచింది. అదే కోడ్‌ని కొత్త కంపైలర్లో పెట్టి ఆ ఫైల్ తెరిస్తే, అది ఒక్కొక్కరికి 28 బైట్లు లాగుతుంది. మొదటి పిల్లాడి దగ్గరే పక్కవాడి రోల్ నంబరు కలిసిపోతుంది. అక్కణ్నుంచి ఒక్కో మనిషికీ నాలుగేసి బైట్లు జరుగుతూ పోతాయి. పదో రికార్డుకి వచ్చేసరికి ఎవడి మార్కులు ఎవడివో దేవుడికే తెలియాలి. కంపైలర్ మాత్రం ఒక్క ఎర్రరూ చూపించదు.

నూటికి రెండు

మావాడికి ఇంత ఓపిగ్గా చెప్పడానికి కారణం ఉంది. ఇదే తప్పు నేను చేశాను. అదీ డబ్బు లెక్కలో.

చదువుకునే రోజుల్లో పేటలోనే తెలిసినవాళ్ల పురుగుమందుల దుకాణానికి చిన్న ఖాతా ప్రోగ్రామ్ రాసిచ్చాను. అప్పుడు నేర్చుకున్నది పైథాన్ 2. మన వైపు మిరప, పత్తి రైతులకి ఈ దుకాణాల్లో అప్పు మామూలే కదా. సీజన్ మొదట్లో మందులు తీసుకెళ్తారు, పంట అమ్మాక కడతారు. ఆ దుకాణంలో వడ్డీ నూటికి రెండు రూపాయలు. నిండిన నెలలకే లెక్క. నెల మీద పది రోజులైనా ఒక నెలే.

నేను రాసింది చాలా సింపుల్. మొత్తం రోజుల్ని 30తో భాగించు, ఎన్ని నెలలొస్తే అన్నింటికి వడ్డీ వెయ్యి. 45 రోజులైతే 45/30. పైథాన్ 2లో రెండు పూర్ణసంఖ్యల్ని భాగిస్తే మిగిలింది వదిలేసి 1 అనే చెప్తుంది. దుకాణం పద్ధతి కూడా అదే. బ్రహ్మాండంగా కుదిరింది. ఏళ్ల తరబడి నడిచింది కూడా.

ఇక పైథాన్ సంగతి. భాషలో మొదట్నుంచీ ఉన్న కొన్ని పొరపాట్లను కడిగేయాలని 2008 డిసెంబర్ 3న పైథాన్ 3 విడుదల చేశారు. పాత కోడ్ ఇందులో నడవదని ముందే చెప్పేశారు. జనం కదల్లేదు. పాతదానికి 2015లో సపోర్టు ఆపేద్దామనుకుని, చివరికి 2020 జనవరి 1 దాకా గడువిచ్చారు. పదకొండేళ్లు రెండు యాసలూ పక్కపక్కనే బతికాయి. ఇన్‌స్టాగ్రామ్ లాంటి సంస్థ కూడా సర్వీస్ ఆపకుండా మెల్లమెల్లగా మార్చుకుంటూ 2017కి గానీ పైథాన్ 3లోకి పూర్తిగా రాలేదు. రెండింటిలోనూ నడిచేలా రాయడానికి 'సిక్స్' అని ఒక లైబ్రరీ కూడా ఉండేది. రెండు మూళ్లు ఆరు కదా, అందుకని ఆ పేరు!

గడువు అయిపోయాక దుకాణంలో కొత్త ల్యాప్‌టాప్ కొన్నారు. నన్ను పిలిచారు. పైథాన్‌తో పాటే 'టూ టు త్రీ' అనే మార్పిడి పనిముట్టు వచ్చేది. పాత ఫైల్ ఇస్తే కొత్త యాసలో రాసి ఇస్తుంది. 'ప్రింట్' పక్కన బ్రాకెట్లు పెట్టింది. 'రా ఇన్‌పుట్'ని 'ఇన్‌పుట్' చేసింది. 'ఎక్స్‌రేంజ్'ని 'రేంజ్' చేసింది. ఐదు నిమిషాల్లో అయిపోయింది. రన్ చేశాను, అయింది. టీ తాగి వచ్చేశాను.

నాలుగు రోజుల తర్వాత దుకాణం నుంచి ఫోన్. ఒక రైతు చీటీ పట్టుకుని నిలబడ్డాడట. 20 వేల బాకీ, 45 రోజులు. చీటీ మీద వడ్డీ 600.

"ఇరవై వేలకి నూటికి రెండంటే నెలకి నాలుగొందలు. నెల నిండి పదిహేను రోజులేగా అయింది. ఆరొందలు ఎట్టొచ్చినయ్యి?" అని ఆయన అడిగాడట. నోటి లెక్కే. కాగితం కూడా తీసుకోలేదు.

పైథాన్ 3లో 45/30 అంటే 1 కాదు, 1.5. అంతే జరిగింది. కొత్త భాష చేసింది తప్పని కూడా అనలేం. 7ని 2తో భాగిస్తే 3 అని చెప్పడమే నిజానికి వింత. ఆ వింతనే సరిచేశారు. కానీ నా ప్రోగ్రామ్ ఆ వింత మీదే నిలబడి ఉంది, ఆ సంగతి నాకే తెలియదు. 'టూ టు త్రీ' ఎందుకు పట్టుకోలేదంటే, దానికి అక్షరాలే కనిపిస్తాయి. భాగహారం గుర్తుకి అటూ ఇటూ ఉన్నవి పూర్ణసంఖ్యలో దశాంశాలో ప్రోగ్రామ్ నడిస్తేగానీ తెలియదు. అందుకే ముట్టుకోకుండా వదిలేసింది. రిపేరు ఎంతనుకున్నారు? ఒక గీత పక్కన ఇంకో గీత. రెండు గీతలు పెడితే పైథాన్ 3లోనూ పాతలాగే భాగిస్తుంది. పైగా ఆ రెండు గీతల పద్ధతి పైథాన్ 2.2 నుంచీ ఉంది. నేను మొదట్లోనే అలా రాసుంటే ఈ గొడవే లేదు.

ఆ నాలుగు రోజుల్లో తీసిన చీటీలన్నీ మళ్లీ చూశాం. ఎక్కువ తీసుకున్నవి తిరిగి ఇచ్చారు. వెతుకుతుంటే ఇంకోటి దొరికింది. రూపాయికి సరిచేసే 'రౌండ్' కూడా మారింది. 250.50ని పాత పైథాన్ 251 చేసేది. కొత్తది సరిగ్గా సగం దగ్గర సరిసంఖ్య వైపు మొగ్గుతుంది, కాబట్టి 250 చేస్తుంది. రూపాయే కదా అనొచ్చు. ఖాతా పుస్తకానికీ కంప్యూటర్‌కీ రూపాయి తేడా వస్తే దుకాణాల్లో రాత్రి తొమ్మిదిదాకా కూర్చుంటారు.

ఆ రోజు నుంచి నాకు ఎర్రర్ మెసేజ్ అంటే కోపం పోయింది. ఎర్రగా అరిచే తప్పు మన మంచి కోరేదే. అరవకుండా చీటీ మీద 600 అచ్చేసేదే అసలు ప్రమాదం.

మన ఊరి పేరులో ఎన్ని అక్షరాలు?

పైథాన్ 3 వల్ల తెలుగువాళ్లకి ఒక పెద్ద మేలు జరిగింది. అదీ చెప్పాలి. 'నరసరావుపేట' అనే మాట పొడవు ఎంతని పైథాన్ 2ని మామూలుగా అడిగితే 30 అనేది. మనం లెక్కపెడితే 7. ఈ 30 ఎక్కడిది? అది అక్షరాల్ని కాదు, బైట్లని లెక్కపెట్టింది. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకీ 3 బైట్లు. దీర్ఘాలూ కొమ్ములూ విడిగా లెక్కేస్తే ఈ పేరులో 10 గుర్తులు. పది మూళ్లు ముప్ఫై.

బిల్లులో చోటు చాలక మొదటి 10కి కత్తిరించమంటే పాత పైథాన్ 'నరస' రాసి, తర్వాతి 'ర'లో మూడో వంతు కోసి, అక్కడ ఒక ప్రశ్నార్థకమో డబ్బానో పెట్టేది. పైథాన్ 3 పొడవు 10 అంటుంది, పేరు మొత్తం వస్తుంది. 7 అని మాత్రం ఇప్పటికీ అనదు, 'రా'ని ఒక్క అక్షరంగా చూడటం దానంతట దానికి రాదు. అయినా నయమే. డీటీపీ సెంటర్లో అను ఫాంట్లలో కొట్టిన పెళ్లిపత్రిక మేటర్‌ని వాట్సాప్‌లో పేస్ట్ చేసి, ఆ పిచ్చి గీతలు చూసి తలపట్టుకున్నవాళ్లకి ఈ మార్పు విలువ తెలుస్తుంది.

పేర్ల మాటొచ్చింది కాబట్టి ఒకటి. మన ఊరి పాత పేరు అట్లూరు. 2022 ఏప్రిల్ 4న జిల్లా పేరు కూడా గుంటూరు నుంచి పల్నాడు అయింది. చాలామంది ఆధార్‌లో ఇంకా గుంటూరు జిల్లా అనే ఉంది. పార్శిల్ మాత్రం వచ్చేస్తుంది, 522601 మారలేదు కాబట్టి. పేరు మారి లోపలిది అలాగే ఉంటే సర్దుకోవచ్చు. పేరు అలాగే ఉండి పిన్‌కోడ్ మారితేనే తిప్పలు.

పెదనాన్నల కాలం కోడ్

ఈ పాత-కొత్త మార్పిడి పని తెలుగువాళ్లకి కొత్త కాదు. నిజానికి మన ఇళ్లలో అమెరికా అనే మాట ఇంత మామూలు కావడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. 1990ల చివర్లో గుంటూరు, పల్నాడు ఊళ్ల నుంచి కుర్రాళ్లు హైదరాబాద్ అమీర్‌పేట వెళ్లి కోబాల్ నేర్చుకున్నారు. కోబాల్ 1959లో పుట్టిన భాష. బ్యాంకులు, బీమా కంపెనీల లెక్కలన్నీ అందులోనే. పాతకాలంలో మెమరీ ఖరీదు కాబట్టి సంవత్సరాన్ని రెండంకెల్లో దాచారు. 1965ని 65 అని. 2000 వస్తే 00 నుంచి 65 తీసేసి వయసు మైనస్ 65 అంటుంది. అదే వైటూకే సమస్య.

అందరికీ గుర్తున్నది తేదీల గొడవే. దానితో పాటు యాస గొడవా ఉంది. కోబాల్‌కి 1968, 1974, 1985ల్లో మూడు ప్రమాణాలొచ్చాయి. 68లో ఉన్న 'ఎగ్జామిన్' అనే ఆజ్ఞ 74లో పోయి 'ఇన్‌స్పెక్ట్' వచ్చింది. ఇది పేరు మార్పు, పనిముట్లు చూసుకుంటాయి. ఐబీఎం దగ్గర అలాంటి మార్పిడి సాఫ్ట్‌వేర్ ఉండేది కూడా. కానీ 'కరెంట్-డేట్' చూడండి. ఐబీఎం పాత కోబాల్‌లో అది నెల, రోజు, రెండంకెల సంవత్సరం, మధ్యలో గీతలు కలిపి 8 అక్షరాలిచ్చేది. తర్వాత అదే పేరుతో వచ్చిన ఫంక్షన్ నాలుగంకెల సంవత్సరంతో మొదలుపెట్టి 21 అక్షరాలిస్తుంది. పాత లెక్కలో మొదటి రెండక్షరాలు నెల. కొత్తదాంట్లో అవే రెండక్షరాలు 19 లేదా 20, అంటే శతాబ్దం.

ఇలాంటివి పట్టుకోవడానికి మనుషులు కావాలి. చాలామంది కావాలి. అమెరికా 1998లో చట్టం చేసి, హెచ్-1బీ వీసాల పరిమితిని ఏడాదికి 65 వేల నుంచి 1999, 2000 ఆర్థిక సంవత్సరాలకి 1.15 లక్షలకు పెంచింది. అదే 1998 నవంబర్లో హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ మొదలైంది. ఇప్పుడు మన వైపు చాలా ఇళ్లలో గోడ మీద ఫొటోల్లో కనిపించే 'న్యూజెర్సీ పెదనాన్న'ల్లో కొందరు అలా లక్షల లైన్ల పాత కోడ్ చదవడానికి వెళ్లినవాళ్లే.

వాళ్లు వాడిన ఒక కిటుకు నాకు భలే నచ్చుతుంది. అన్ని ఫైళ్లలో తేదీలు పెంచే టైం లేనిచోట 'విండోయింగ్' అని చేశారు. ఉదాహరణకి రెండంకెలు 50 కంటే తక్కువైతే 2000లు అనుకో, లేకపోతే 1900లు అనుకో. పని నడిచింది. కానీ అలా రాసిన ప్రోగ్రామ్ 2050 దాకా బతికుంటే అప్పుడు మళ్లీ అదే కథ.

చాట్‌బాట్ ఉందిగా?

'ఇదంతా ఎందుకు, చాట్‌బాట్‌లో పేస్ట్ చేస్తే క్షణంలో మార్చిస్తది కదా' అంటారా? మార్చిస్తుంది. 'టూ టు త్రీ' కంటే చాలా బాగా మార్చిస్తుంది. ఆ పాత పనిముట్టుని 2024లో పైథాన్ 3.13 నుంచి తీసేశారు కూడా. భాగహారం దగ్గర జాగ్రత్త అని చాలాసార్లు చెప్తుంది. అయితే నిండిన నెలలకే వడ్డీ అన్న సంగతి నా కోడ్‌లో ఎక్కడా రాసి లేదు. దుకాణం ఆయన నోట్లో ఉంది, రైతు నోట్లో ఉంది. కోడ్‌లో ఉన్నది 45/30 మాత్రమే. అది కావాలని చేసిందో, అనుకోకుండా కుదిరిందో ఎంత తెలివైన పనిముట్టుకైనా ఎవరో ఒకరు చెప్పాల్సిందే.

అందుకే ఇప్పుడు పాత కోడ్ ఎవరిచ్చినా ముందు దాన్ని ముట్టుకోను. పాత మెషీన్ మీదే నడిపి, జవాబులన్నీ ఒక ఫైల్లో దాచుకుంటాను. అంచుల్లో ఉండే విలువలు తప్పకుండా ఇస్తాను. ఆ ఖాతా ప్రోగ్రామ్‌కైతే 29 రోజులు, 30, 31, 45, 60. ఆ తర్వాతే మార్పిడి. కొత్తదానికీ అవే ఇచ్చి రెండు ఫైళ్లూ పక్కపక్కన పెట్టి చూస్తాను. తేడా వచ్చిన ప్రతిచోటా ఏది సరైనదని అడగాల్సింది కంప్యూటర్‌ని కాదు, దుకాణం ఆయన్ని. ఒక్కోసారి పాతదే ఇన్నేళ్లూ తప్పు చెప్పిందని బయటపడుతుంది. అది ఇంకా పెద్ద గొడవ.

ఇదంతా ఆ రాత్రి మావాడికి చెప్పి పడుకున్నాను. పన్నెండున్నరకి ఫోన్ మళ్లీ వెలిగింది. ఇంకో స్క్రీన్‌షాట్.

"అన్నా, 12 దాకా బానే వచ్చింది. 13 ఇస్తే 1932053504 అంటంది. క్యాలిక్యులేటర్లో ఆరు వందల కోట్ల పైనే వచ్చుద్ది కదా. ఇది మైనస్ కూడా కాదు. చూస్తే కరెక్టేమో అనిపిస్తంది!"

"4 బైట్లూ నిండిపోయినయ్‌రా. 'లాంగ్ లాంగ్' పెట్టు" అని కొట్టాను.

రెండు నిమిషాలకి "వచ్చింది. ఇదెంత దాకా లాగుద్ది?" అన్నాడు.

"20 దాకా."

ఇక పడుకుంటాడనుకున్నాను. 'టైపింగ్' అని కనిపిస్తూనే ఉంది.

"21కి?"